చీరకు వాసన వస్తోందని కొన్నవారు ఫిర్యాదు చేస్తే ఏం చేయాలి?

ప్రొద్దుటూరు నుంచి అడిగిన సోదరి ప్రశ్నను ముందు క్లుప్తంగా చెబుతాను. ఆమె ధర్మవరం, మాధవరం చీరలతోపాటు, ఒకటి రెండుసార్లు మాత్రమే కట్టిన పాత పట్టుచీరలను, నిమ్మలకుంట తోలు ల్యాంప్‌షేడ్లను ఇంటి నుంచే ఆన్‌లైన్‌లో అమ్ముతున్నారు. శ్రావణమాసంలో విశాఖపట్నానికి పంపిన ఒక పాత పట్టుచీరకు ఘాటైన వాసన వస్తోందని, కట్టుకోలేనని, డబ్బు మొత్తం వెనక్కి ఇవ్వమని కొన్నావిడ రాశారట. పంపే ముందు ఇంట్లో వాళ్లంతా చీరను చూశారు. ఎవరికీ ఏ వాసనా తెలియలేదు. కొన్నావిడ అబద్ధమాడుతున్నారా, డబ్బు ఇవ్వక తప్పదా, ఇకమీదట ఇలాంటి ఫిర్యాదులు రాకుండా ఏం చేయాలి అన్నది ప్రశ్న.

అనంతపురంలో ఉంటూ చేనేత బట్టలను, పాత పట్టుచీరలను చాలా ఏళ్లుగా ఆన్‌లైన్‌లో అమ్ముతున్న అనుభవంతో చెబుతున్నాను: ఆవిడ అబద్ధమాడి ఉండకపోవచ్చు, మీరూ అబద్ధమాడలేదు. చిరుగునైనా మరకనైనా ఫొటో తీసి చూపవచ్చు గానీ, వాసన ఉందని ఆవిడా లేదని మీరూ రుజువు చేయగలిగే దారి లేదు. కాబట్టి ఉందా లేదా అనే వాదనలోకి అసలు దిగకండి. అది ఏ వాసన, ఎక్కడ అంటుకుంది, పోయేదా పోనిదా అన్న మూడు సంగతులు తేలితే డబ్బు సంగతి దానంతట అదే తేలుతుంది.

మీ ఇంట్లో ఎవరికీ వాసన తెలియకపోవడంలో వింత లేదు. ఒకే వాసన మధ్య కాసేపు ఉంటే ముక్కు దానిని పట్టించుకోవడం మానేస్తుంది. రోజూ అదే ఇంట్లో ఉండేవారికి ఆ ఇంటి వాసన ఎన్నడూ తెలియదు. కలరా ఉండలు వేసిన బీరువా ఉన్న గదిలో పడుకునేవారికి కలరా ఉండల వాసన, శనక్కాయల మూటలు పేర్చిన ఇంట్లో తిరిగేవారికి ఆ కమటు వాసన తెలియవు. బయటి ఊరి నుంచి వచ్చిన చుట్టం గడపలో అడుగుపెట్టగానే ముక్కు చిట్లిస్తే తప్ప మనకు అనుమానమే రాదు. అందువల్ల పంపబోయే బట్టను పరీక్షించవలసింది మీ ఇంటివారు కాదు. పొరుగింటి ఆవిడనో, పాలు పోసే అమ్మాయినో, బయటి గాలిలోంచి అప్పుడే వచ్చిన మరెవరినో అడగండి. దేనికోసం చూడాలో చెప్పవద్దు, "ఇది ఎట్లా ఉంది?" అని మాత్రం అడిగి చీర చేతికివ్వండి. చెబితే వెతికి మరీ వాసన పట్టేవారు కొందరు, మర్యాద కోసం ఏమీ లేదనేవారు కొందరు ఉంటారు.

రెండో కారణం మన సీమ గాలి. అనంతపురం దేశంలోనే అతి తక్కువ వాన పడే జిల్లాల్లో ఒకటి. కడప, కర్నూలు ప్రాంతాలు కూడా ఏడాదిలో ఎక్కువ నెలలు పొడిగానే ఉంటాయి. ఇక్కడి పొడిగాలిలో ఉన్నీ, తోలు, పట్టు, గంజి పెట్టిన నూలు అన్నీ ఏ వాసనా లేకుండా ఉంటాయి. అవే విశాఖపట్నానికో చెన్నైకో ముంబైకో చేరి అక్కడి చెమ్మను పీల్చుకున్నాక, లోపల అణిగి ఉన్న వాసన పైకి తేలుతుంది. వానాకాలంలో కొరియర్ గోదాములో ప్లాస్టిక్ కవరు లోపల కొన్ని రోజులు మగ్గితే ఇక చెప్పనక్కరలేదు. అంటే మీరు పంపిన చీర, ఆవిడ విప్పిన చీర ఒకటే అయినా వాటి స్థితి ఒకటి కాదు. దీన్ని ఇంట్లోనే పరీక్షించవచ్చు. ఒక మూత గట్టిగా ఉన్న పెద్ద డబ్బాలో చీరను పెట్టి, పక్కన చిన్న గిన్నెలో తడిపి పిండిన గుడ్డను చీరకు తగలకుండా ఉంచి, ఒక రాత్రి మూసిపెట్టండి. ఉదయం వేరేవారి చేత మూత తీయించండి. విశాఖపట్నంలో ఆవిడ ముక్కుకు తగిలినది ఏమిటో మీకూ తెలుస్తుంది. చీరను మళ్లీ బాగా ఆరవేశాకే మడతపెట్టాలన్నది మరవకండి.

ఇక ఏ వాసన అన్న సంగతి. పాత పట్టుచీరల విషయంలో నాకు వచ్చే ఫిర్యాదుల్లో ఎక్కువ కలరా ఉండలవే. వాటిలో ఉండే నాఫ్తలీన్ గది వేడికే నేరుగా ఆవిరిగా మారి, బట్ట పోగుల్లోకి చేరి అక్కడే నిలుస్తుంది. అది నీటిలో కరగదు కనుక ఉతికితే పోదు. పైగా పట్టుచీరను పదేపదే నీళ్లలో ముంచితే రంగు, జరీ రెండూ చెడతాయి. గాలి తగిలితే మాత్రం వచ్చిన దారినే ఆవిరై పోతుంది. ఎండ తగలని గదిలో, మడతలన్నీ విప్పి, తాడు మీద పరిచినట్లు వేసి, ఫ్యాను తిరగనిచ్చి, రోజుకొకసారి మడత చోటు మార్చుతూ ఉంటే కొన్ని రోజుల్లో చాలావరకు తగ్గుతుంది. ఏళ్ల తరబడి ట్రంకు పెట్టెలో ఉన్న చీరకు రెండు మూడు వారాలు పట్టవచ్చు. తొందరపడి మండుటెండలో వేయవద్దు. వాసనకంటే ముందు రంగు పోతుంది. కలరా ఉండలతోపాటు కర్పూరం కూడా వేసే అలవాటు మన ఇళ్లలో ఉంది. ఆ రెండూ ఒకదానికొకటి తగిలితే కరిగి నూనెలాంటి ద్రవమై చీర మీద మరక వేస్తాయి. పాత చీర కొనేటప్పుడు మడతల మధ్య అలాంటి మరక కనబడితే వాసన కూడా లోతుగానే ఉందని అర్థం.

కలరా ఉండల ఫిర్యాదులో ఒక సందర్భాన్ని మాత్రం ప్రత్యేకంగా చూడాలి. కొన్నవారు ఇంట్లో పసిబిడ్డ ఉన్నదని రాస్తే, ఆరవేసి చూడండి అని సలహా చెప్పకుండా వెంటనే వెనక్కి తీసుకోండి. జి-6-పి-డి అనే ఎంజైము లోపం ఉన్న శిశువులకు, నాఫ్తలీన్ పట్టిన బట్టల వల్ల ఎర్ర రక్తకణాలు విచ్ఛిన్నమై కామెర్లు, రక్తహీనత వచ్చిన సంగతి వైద్యులకు బాగా తెలిసినదే. బిడ్డకు ఆ లోపం ఉందో లేదో చాలా ఇళ్లలో ఎవరికీ తెలియదు. చీర ధర ఎంతైనా అక్కడ బేరం ఆడకూడదు.

చెమ్మ వాసన, బూజు వాసన వేరు. గంజి పెట్టిన చీర పూర్తిగా ఆరకముందే మడతపెడితే, లేదా వానల్లో తడి అట్టపెట్టెలో ప్రయాణం చేస్తే అది వస్తుంది. చీర మీద నల్లని చుక్కలు లేకపోతే ఆరవేత, డ్రైక్లీనింగ్ సరిపోతాయి. చుక్కలు పడితే అది వాసన ఫిర్యాదు కాదు, చెడిపోయిన సరుకు. మాట్లాడకుండా డబ్బు ఇవ్వాలి. 2009 అక్టోబరులో తుంగభద్ర వరద కర్నూలు పట్టణాన్ని ముంచినప్పుడు తడిసిన బట్టలను ఆరబెట్టుకున్నవారికి ఈ వాసన ఎంత మొండిదో నేను చెప్పనక్కరలేదు. డ్రైక్లీనింగ్ నుంచి వచ్చిన చీరకు కిరోసిన్ లాంటి వాసన ఉంటే, అది మన ఊళ్లలో పెట్రోల్ వాష్ అని పిలిచే పద్ధతిలో వాడే ద్రావకం. లాండ్రీవారు ఇచ్చిన ప్లాస్టిక్ కవరును అదే రోజు తీసేసి, దీపాలకూ పొయ్యికీ దూరంగా నీడలో ఒకటి రెండు రోజులు వేలాడదీస్తే పోతుంది. ఆ కవరుతోనే ప్యాక్ చేసి పంపేవారు నాకు తెలుసు. ఫిర్యాదు రాకపోతేనే ఆశ్చర్యం.

ఇక సెంటు చల్లి వాసనను కప్పే పని ఎన్నడూ చేయకండి. అత్తరు, బాడీ స్ప్రే నేరుగా పడితే పట్టు మీద మచ్చ పడుతుంది, జరీ నల్లబడుతుంది. అంతకంటే ముఖ్యంగా, కలరా ఉండల వాసన మీద మల్లె సెంటు పడితే వచ్చే మూడో వాసనను ఏ కొనుగోలుదారూ క్షమించరు. ఏదో దాచడానికే చల్లారని వారికి వెంటనే అర్థమవుతుంది. సాంబ్రాణి పొగ వేసి పంపడం కూడా అలాంటిదే. మనకు పండుగ వాసన, ఆస్తమా ఉన్నవారికి నరకం.

నిమ్మలకుంట ల్యాంప్‌షేడ్ల సంగతి మీరు అడగలేదు గానీ, వాటిని కూడా అమ్ముతున్నారు కనుక చెప్పాలి. ధర్మవరం దగ్గరి ఆ ఊరి కళకు దేశమంతటా పేరుంది. అక్కడి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. ఆ తోలు బూట్ల తోలు లాంటిది కాదు. మేకచర్మం వెంట్రుకలు తీసి, శుభ్రం చేసి, బిగించి ఆరబెట్టి, దీపపు వెలుగు అవతలికి కనబడేంత పలుచగా చేస్తారు. అది గాలిలోని చెమ్మను ఇట్టే పీల్చుకుంటుంది, అప్పుడు కొద్దిగా చర్మపు వాసన వేస్తుంది. లోపల పాతకాలపు వేడి బల్బు పెడితే ఆ వాసన గది అంతా పరుచుకుంటుంది, తోలు కూడా ముడుచుకుంటుంది. ఎల్‌ఈడీ బల్బు మాత్రమే వాడాలని, తడిగుడ్డతో తుడవకూడదని, కొత్తలో కొద్దిపాటి చర్మపు వాసన సహజమని లిస్టింగ్‌లోనూ పెట్టెలో పెట్టే కాగితంలోనూ రాయండి. కురుబలు నేసే కంబళ్లు అమ్మేవారు కూడా అంతే: గొర్రె ఉన్నిలో నూనె ఉంటుంది, చెమ్మ తగిలితే గొర్రె వాసన వస్తుంది, అది లోపం కాదు. కానీ ముందే చెప్పనప్పుడు కొన్నవారికి అది లోపమే.

ఇప్పుడు విశాఖపట్నం ఆవిడకు ఏమని రాయాలి? జవాబు ఒక రోజు దాటనివ్వకండి. ఆలస్యమైన కొద్దీ వాసనకు కోపం తోడవుతుంది. "మా ఇంట్లో ఎవరికీ రాలేదు", "పాత చీర కదమ్మా", "ఇంతవరకు ఎవరూ ఇలా అనలేదు" అనే మూడు మాటలు అసలు రాయకండి. గర్భిణులకు వాసనలు ఎక్కువగా తెలుస్తాయి, కోవిడ్ వచ్చి తగ్గినవారిలో కొందరికి వాసనలు మారి తెలిశాయి. ఇవి నిజమే అయినా అవతలివారి ఒంటి గురించి మీరు ఊహించి రాయడం మర్యాద కాదు. నేను వాడే జవాబు దాదాపు ఇలా ఉంటుంది:

"అమ్మా, చీర వల్ల మీకు ఇబ్బంది కలిగినందుకు మన్నించండి. అది కలరా ఉండల వాసనా, చెమ్మ వాసనా, కిరోసిన్ లాంటిదా, సెంటు వాసనా చెప్పగలరా? కవరు విప్పగానే వచ్చిందా, మడతలు విప్పాక వచ్చిందా? చీరను వెనక్కి పంపదలిస్తే నిరభ్యంతరంగా పంపండి, ఖర్చు నాది. చీర నచ్చి వాసన ఒక్కటే ఇబ్బంది అయితే, నీడలో ఫ్యాను కింద మూడు రోజులు ఆరవేసి చూడండి. అప్పటికీ తగ్గకపోతే డబ్బు మొత్తం ఇస్తాను. ఈ మూడు రోజులూ గడువులో లెక్కపెట్టను."

ఇందులో చివరి వాక్యం అన్నిటికంటే ముఖ్యం. ఆరవేయమనడం రిటర్న్ గడువు దాటించే ఎత్తు అని కొన్నవారు అనుమానిస్తారు. ఆ అనుమానం తీరితే సగానికి సగం మంది చీరను ఉంచుకోవడానికే మొగ్గు చూపుతారన్నది నా అనుభవం. అయితే మీరు పెద్ద వేదికల ద్వారా అమ్ముతుంటే అక్కడి గడువు మీ చేతిలో ఉండదు. అలాంటప్పుడు ముందుగా రిటర్న్ అభ్యర్థన పెట్టమని, తర్వాత వాసన పోతే రద్దు చేసుకోమని చెప్పండి. మాటలన్నీ ఆ వేదిక మెసేజ్‌లలోనే జరగనివ్వండి. ఫోనులో ఎంత తియ్యగా మాట్లాడుకున్నా రేపు దానికి సాక్ష్యం ఉండదు.

కవరు విప్పగానే వాసన వచ్చిందంటే తప్పు చీరది కాకపోవచ్చు, ప్యాకింగ్‌ది కావచ్చు. అంగడిలో ఉచితంగా దొరికే ఖాళీ అట్టపెట్టెల్లో పంపడం మనలో చాలామందికి అలవాటు. అగరబత్తీల పెట్టె, సబ్బుల పెట్టె, ఇంగువ డబ్బాలు వచ్చిన పెట్టె తమ వాసనను చీరకు ఇచ్చే పంపుతాయి. వార్తాపత్రిక చుడితే సిరా వాసన, కొన్నిసార్లు సిరా మరక. శుభ్రంగా ఉతికి ఆరిన తెల్లని మల్లు గుడ్డలో చీర చుట్టి, ఒక చిన్న సిలికా జెల్ పొట్లం వేసి, ఆ పైన మాత్రమే వాన తగలని కవరు వేయండి. ప్యాకింగ్ వంటింటి పక్కన చేయకండి. తిరగమోత వేసే వేళకు చీర మడతలు విప్పి ఉంటే ఎండుమిరపకాయల ఘాటు అక్కడే చేరుతుంది.

డబ్బు ఇవ్వక తప్పదా అన్నారు. 2020 జులైలో వచ్చిన వినియోగదారుల రక్షణ (ఈ-కామర్స్) నియమాల ప్రకారం, వస్తువు లోపభూయిష్ఠమైనా, ప్రకటనలో చెప్పిన లక్షణాలకు భిన్నంగా ఉన్నా, దానిని వెనక్కి తీసుకోనని గానీ డబ్బు ఇవ్వనని గానీ అమ్మకందారు అనకూడదు. ఫిర్యాదు అందినట్లు 48 గంటల్లో తెలపాలి, నెలలోగా పరిష్కరించాలి. మీ లిస్టింగ్‌లో వాసన ఊసే లేనప్పుడు, "కొత్తదానిలా ఉంది" అని రాసినప్పుడు, ఘాటైన వాసన ఆ మాటకు భిన్నమైనదే అవుతుంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం కొన్నవారు తాము నివసించే జిల్లాలోని వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు వేయవచ్చు. 5 లక్షల రూపాయల లోపు కొనుగోలుకు ఫీజు కూడా లేదు. అంటే ఒక చీర కోసం మీరు ప్రొద్దుటూరు నుంచి విశాఖపట్నానికి తిరగవలసి రావచ్చు. వినియోగదారుల ఫిర్యాదులు తీసుకునే 1915 నంబరు హెల్ప్‌లైన్‌కు ఆవిడ ఒక్క ఫోను చేసినా మీకు సంజాయిషీ పని పడుతుంది. చట్టం సంగతి పక్కన పెట్టినా, వెయ్యి రెండు వేల రూపాయల చీర మీద పట్టుదలకు పోయి రేటింగ్ పోగొట్టుకోవడం లాభసాటి వ్యాపారం కాదు.

అబద్ధపు ఫిర్యాదులు లేవని నేను అనను. పెళ్లికి కట్టుకుని, మర్నాడు "వాసన వస్తోంది" అని వెనక్కి పంపేవారు ఉన్నారు. వచ్చిన చీరను విప్పితే మల్లెపూలు, గంధం, చెమట, విందు భోజనం అన్నీ వాసన వేస్తాయి. నిజంగానే వాసన వస్తోందన్నమాట! దీనికి మందు వాదన కాదు. పైట కొంగు బయటికి కనబడే చోట ఒక చిన్న గుడ్డ ట్యాగును రెండు కుట్లతో కుట్టి, "ట్యాగు తీయని చీరనే వెనక్కి తీసుకుంటాం" అని లిస్టింగ్‌లో రాయండి, పంపే ముందు ఆ ట్యాగుతో ఫొటో తీసి పెట్టుకోండి. కట్టుకోవాలంటే ట్యాగు తీయాలి, తీస్తే వాపసు లేదు. వాసన చూడడానికి ట్యాగు తీయనక్కరలేదు కనుక నిజాయతీపరులకు దీనితో ఏ ఇబ్బందీ లేదు.

పాత చీరల లిస్టింగ్‌లో ఇకనుంచి వాసన గురించి ఒక వాక్యం తప్పక ఉండాలి. "బీరువాలో దాచిన చీర, కలరా ఉండల వాసన కొద్దిగా ఉంది, నీడలో ఆరవేస్తే తగ్గుతుంది, వాసన పడనివారు దయచేసి తీసుకోవద్దు" అని రాస్తే అమ్మకాలు పడిపోతాయని భయపడతారు గానీ, వెనక్కి తగ్గేది ఎటూ వెనక్కి పంపే కొనుగోలుదారులే. వాసన ఏమీ లేదని పొరుగింటావిడ చెప్పిన చీరకు మాత్రమే "వాసన లేదు" అని రాయండి. ఇంట్లో బీడీ, సిగరెట్ కాల్చేవారు ఉన్నా, కుక్కా పిల్లీ ఉన్నా అది కూడా చెప్పాలి. పొగ వాసన పట్టు నుంచి పోవడం చాలా కష్టం.

మీ ప్రస్తుత చీర విషయానికి వస్తే, ఈ రోజే ఆవిడకు పై విధంగా రాసి, పంపుతానంటే రిటర్న్ ఖర్చు భరించండి. రేటింగ్ మారిస్తేనే డబ్బు ఇస్తాననే షరతు పెట్టవద్దు. ఆ మెసేజ్ స్క్రీన్‌షాట్ ఒక్కటి బయటికి వస్తే చాలు, వాసన సంగతి అందరూ మరిచిపోయి అదే చెప్పుకుంటారు. చీర తిరిగి వచ్చాక ఇంటి బయట విప్పించి, వేరేవారి చేత చూపించి, ఏ వాసనో ఒక కాగితం మీద రాసి చీరతోనే ఉంచండి. రెండు వారాలు ఆరవేశాక కూడా కలరా ఉండల వాసన తేలుతూనే ఉంటే దానిని మళ్లీ ఆన్‌లైన్‌లో పెట్టకుండా, కొనేవారు చేతిలోకి తీసుకుని వాసన చూసి మరీ ధర మాట్లాడుకునే చోట, మీ ప్రొద్దుటూరులోనే, ఉన్న సంగతి చెప్పి కాస్త తగ్గించి అమ్మండి.